అప్‌డేట్: బోరు నీళ్లలో ఆర్సెనిక్ ఎక్కువ చూపిస్తోందన్న ప్రశ్న తేలింది

వరంగల్ చుట్టుపక్కల ఊళ్ల బోరు నీళ్లను ఐసీపీ-ఎంఎస్‌లో (వేడి ప్లాస్మాతో మూలకాలను అయాన్లుగా మార్చి, ద్రవ్యరాశిని బట్టి లెక్కించే యంత్రం) పెడితే, ఉప్పు ఎక్కువున్న శాంపిళ్లలోనే ఆర్సెనిక్ పెరుగుతోంది, స్పైక్ రికవరీ (తెలిసినంత ఆర్సెనిక్ కలిపితే అందులో యంత్రం తిరిగి చూపించే వంతు) మాత్రం తక్కువొస్తోంది, ఎందుకని అడిగాను కదా. రెండు వేర్వేరు కారణాలు కలిసిపోయి ఉన్నాయి.

మొదటిది క్లోరైడ్. ప్లాస్మాలోని ఆర్గాన్ 40, నీళ్లలోని క్లోరిన్ 35 అతుక్కుంటే 75 అవుతుంది, ఆర్సెనిక్ ద్రవ్యరాశి కూడా సరిగ్గా అంతే. మీలో ఒకరు చెప్పినట్టు 77 దగ్గర చూశాను, క్లోరిన్ 37తో ఏర్పడే జంట అక్కడే పడాలి, ఉప్పు శాంపిళ్లలో నిజంగానే అక్కడా లేచింది! హీలియం మోడ్ (అయాన్లను హీలియం వాయువు గుండా పంపే పద్ధతి) పెట్టగానే 75 సిగ్నల్ దిగిపోయింది, ఎందుకంటే జంట అయాన్ పరిమాణంలో పెద్దది కాబట్టి హీలియంతో ఎక్కువసార్లు ఢీకొని శక్తి కోల్పోతుంది, అవతలికి దాటలేదు.

కానీ రికవరీ అలాగే ఉంది. అది రెండో కారణం, నీళ్లలోని సోడియం, కాల్షియం కలిసి ఆర్సెనిక్ సిగ్నల్‌ను అణచడం వల్ల, దానికి హీలియం మందు కాదు. జెర్మేనియం ఇంటర్నల్ స్టాండర్డ్ (పోలిక కోసం అన్ని శాంపిళ్లలో సమానంగా కలిపే మూలకం) సిగ్నల్ కూడా అవే శాంపిళ్లలో పడిపోయింది. పది రెట్లు పలుచన చేస్తే రెండూ కోలుకున్నాయి.

తాగునీటి పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రామే, అందుకే జనానికి చెప్పేముందు ఇంత టెన్షన్ పడ్డాను. మిగిలిన శాంపిళ్లకు స్టాండర్డ్ అడిషన్ (అదే శాంపిల్‌లో తెలిసిన మోతాదుల్లో ఆర్సెనిక్ కలుపుతూ కొలిచే పద్ధతి) కూడా చేస్తున్నాను.