ఒకే స్టేజీ మీద సాత్రియానీ, వాయ్, ఎరిక్ జాన్సన్: లైవ్ టోన్ ఎవరిది బాగుంది?

పటమట_పెంటటానిక్
నిన్న రాత్రి కరెంటు పోతే డాబా మీద చాప వేసుకుని, జీ3 (ముగ్గురు గిటారిస్టులు ఒకే స్టేజీ మీద వాయించే టూర్) మొదటి టూర్ లైవ్ ఆల్బమ్ మొత్తం మళ్లీ విన్నాను. 1996లో జో సాత్రియానీ స్టీవ్ వాయ్, ఎరిక్ జాన్సన్‌లతో మొదలుపెట్టిన టూర్ అది, ఆల్బమ్ 97లో వచ్చింది. తలా మూడు పాటలు, చివర్లో ముగ్గురూ కలిసి మూడు. ఎక్కడెక్కడో తీసిన వీడియోలు చూసి పోల్చేకంటే ఇది నయం కదా. టోన్‌లో, అంటే గిటార్ గొంతులో, నా లెక్కలో ఎరిక్ జాన్సన్ ఫస్ట్. వయొలిన్ లాగా, నోట్ ఎక్కడ మొదలైందో కూడా తెలియదు. సాత్రియానీది నిండు గొంతు, పాడుతున్నట్టే ఉంటుంది. వాయ్‌ది మరీ సన్నం, పలక మీద గోరు పెట్టి గీసినట్టు, పది నిమిషాలకే చెవులు గుయ్యిమన్నాయి. తిట్టేవాళ్లు తిట్టండి, కానీ విని తిట్టండి.

గుంటూరు_గెయిన్
తమ్ముడూ, ఇయర్‌ఫోన్లలో విని లైవ్ టోన్ చెప్పడమంటే ఫోటో చూసి గోంగూర పులుపు చెప్పడమే. లైవ్ టోన్ పుట్టేది యాంప్‌లో, అంటే గిటార్ సౌండ్‌ని పెంచే పెట్టెలో. వంద వాట్ల మార్షల్ యాంప్ కింద పన్నెండంగుళాల స్పీకర్లు నాలుగు పెట్టి వాల్యూమ్ పెంచితే పవర్ ట్యూబులు ఇక మోయలేక సౌండ్‌ని నొక్కేస్తాయి, నోట్ ముందు కాస్త లొంగి తర్వాత ఉబ్బుతుంది, స్పీకర్ల మోత వెళ్లి మళ్లీ తీగనే కదిలిస్తుంది, అందుకే నోట్ చావదు. ఇది బెడ్‌రూమ్‌లో రాదు, పెడల్‌తో (కాలితో నొక్కే ఎఫెక్టు పెట్టె) అసలు రాదు. ఎడ్డీ వాన్ హేలెన్ అయితే వేరియాక్ (వోల్టేజీ మార్చే ట్రాన్స్‌ఫార్మర్) పెట్టి యాంప్‌కి వెళ్లే కరెంటుని 90 వోల్టుల దాకా దించేవాడు, వాల్యూమ్ పూర్తిగా పెట్టినా చెవులు పగలకుండా ఆయనకి పేరు తెచ్చిన ఆ 'బ్రౌన్ సౌండ్' వచ్చేది. మనకి ఎండాకాలంలో లో వోల్టేజీ ఫ్రీగానే వస్తుంది, అది వేరే సంగతి. ముగ్గురిలో సాత్రియానీ, సందేహం లేదు. యాంప్‌ని పని చేయించడం తెలిసినవాడు.

నూజివీడు_వీణ
ఎవరో ఒకరు వచ్చి ఈ ముగ్గురూ కాదు, గిటారిస్ట్ అంటే జెఫ్ బెక్ అంటారు, ఆగండి.

ఆరో_తీగ
జెఫ్ బెక్.

ఇక అసలు మాట. గెయిన్ గారూ, మీరు చెప్పిందంతా నిజమే కానీ ప్రశ్నకి సమాధానం కాదు. సాత్రియానీ దగ్గర వాయ్ కుర్రాడుగా ఉన్నప్పుడు పాఠాలు నేర్చుకున్నాడు. ఇద్దరివీ ఐబనీజ్ గిటార్లే, తీగల కదలికని సిగ్నల్‌గా మార్చే పికప్‌లూ ఇద్దరివీ డిమార్జియోవే. అయినా కళ్లు మూసుకుని వింటే ఎవరు వాయిస్తున్నారో రెండు నోట్లలో తెలిసిపోతుంది. అంత తేడా యాంప్ ఇచ్చిందా? బెక్ పిక్ వదిలేసి వేళ్లతోనే వాయించేవాడు, చిటికెన వేలు వాల్యూమ్ నాబ్ మీద, అరచెయ్యి వామీ బార్ (తీగల బిగువు మార్చి స్వరాన్ని వంచే కడ్డీ) మీద. ఆ చెయ్యి తీసేసి అదే యాంప్ మీకిస్తే ఏమొస్తుంది? యాంప్ అనేది పోస్ట్‌మన్, ఉత్తరం రాసేది వేరే వాళ్లు. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్ట్ గిల్మర్ నల్ల స్ట్రాట్ గిటార్‌ని 2019లో వేలంలో 39 లక్షల 75 వేల డాలర్లకి అమ్మారు. కొన్నాయన ఇంటికి గిటార్ వెళ్లింది, చేతులు వెళ్లలేదు. అంతెందుకు, మన పాలకొల్లు శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకం పలికించారు. అది ఏ మార్షల్ చలవ?

నూజివీడు_వీణ
నేను వీణ మనిషిని, ఒక్క మాట చెప్పి పోతా. యంగ్వీ మాల్మ్‌స్టీన్ స్ట్రాట్‌కి మెట్ల మధ్య చెక్కని లోపలికి తవ్వించాడు, వేలు చెక్కకి తగలదు, తీగ మీదే ఉంటుంది. శక్తి బ్యాండ్ రోజుల్లో జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్‌దీ అంతే. వీణ మీద మైనం పోసి మెట్లు ఎత్తుగా నిలబెట్టేదీ అందుకే, తీగని లాగి నాలుగు స్వరాలు పలికించడానికి చోటు దొరుకుతుంది. చెయ్యి, పనిముట్టు అని విడదీసి కొట్టుకునేవాళ్లు ఒకసారి నూజివీడు వచ్చి వీణ చేసేవాళ్లని అడగండి, నవ్వుతారు.

చుట్టుగుంట_డిలే
ఎరిక్ జాన్సన్ పెడల్‌లో ఏ బ్యాటరీ ఉందో విని చెప్పేస్తాడంటారు కదా, అలాంటి చెవి ఉన్నవాడికే ఫస్ట్ ఇవ్వాలి.

గుంటూరు_గెయిన్
బ్యాటరీ కథ నమ్మకండి. తొమ్మిది వోల్టులంటే తొమ్మిది వోల్టులే. ట్రాన్సిస్టర్‌కి కంపెనీ పేరు చదవడం రాదు.

చుట్టుగుంట_డిలే
కార్బన్ బ్యాటరీకి లోపలి రెసిస్టెన్స్ ఎక్కువ, ఆల్కలైన్‌కి తక్కువ. ఫజ్ పెడల్‌లో (సౌండ్‌ని గరగరలాడించేది) అది తెలుస్తుంది.

గుంటూరు_గెయిన్
ఫజ్ లాగేది ఎంత? ఒకటి రెండు మిల్లీ ఆంపులు. దానికి నీ లోపలి రెసిస్టెన్స్ ఏం చేస్తుంది? లెక్క వేసి చూపించు.

చుట్టుగుంట_డిలే
లెక్కతో పని లేదు, చెవితో పని.

గుంటూరు_గెయిన్
అదిగో. లెక్క అడిగితే చెవి, చెవి అడిగితే నమ్మకం.

పటమట_పెంటటానిక్
అన్నా, బ్యాటరీ మీదే పదకొండు పోస్టులు అయ్యాయి (అయిదు చెరిపేశాను, బూతులున్నాయని). నేనడిగింది ముగ్గురు మనుషుల గురించి.

ఆరో_తీగ
బ్యాటరీ సంగతి అటుంచండి, వేడి సంగతి మాత్రం నిజం. పాత ఫజ్‌లలో ఉండేది జెర్మేనియం ట్రాన్సిస్టర్, వేడెక్కితే కరెంటు లీకై బయాస్ (అది సరిగ్గా పని చేసే స్థాయి) తప్పుతుంది, నోట్ చివర తెగిపోతూ చిటపటలాడుతుంది. మే నెలలో తుమ్మలపల్లి కళాక్షేత్రం వెనక గేటు దగ్గర పెట్టె దించి అరగంట ఎండలో ఉంచితే చాలు. నా ఫజ్ ఒకసారి పూర్తిగా మూగబోతే ఐస్ గోలా బండి దగ్గర ముక్క అడిగి, ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి దాని మీద పెట్టాను. పది నిమిషాల్లో గొంతు వచ్చింది. మీ మార్షల్‌కి ఇలాంటి అనుభవం ఉందా గెయిన్ గారూ?

గుంటూరు_గెయిన్
మాకున్న అనుభవం వేరు. పదేళ్ల కిందట ఒక కాలేజీ ఫెస్ట్‌కి నా ట్యూబ్ యాంప్‌ని ఆటోలో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను. సౌండ్‌మన్ చూసి మైకుల్లేవు, గిటార్ వైరు నేరుగా మిక్సర్‌లో పెట్టెయ్ అన్నాడు. గిటార్ స్పీకర్ అయిదు కిలోహెర్ట్జ్ పైన ఉండే గరగరని దాదాపు మింగేస్తుంది, అదే డిస్టార్షన్‌ని (కావాలని పగిలేలా చేసిన సౌండ్‌ని) పెద్ద స్పీకర్లలోకి నేరుగా పంపితే ఆ గరగరంతా బయటికొస్తుంది. రేకుల షెడ్డు మీద వడగళ్లు పడ్డట్టు వినిపించింది. ముందు వరుసలో పిల్లలు చెవులు మూసుకున్నారు. అప్పుడెక్కడికి పోయాయి ఈ చేతులు? నా చేతులే కదా అవి? ఆ రోజు నుంచి టోన్ చేతుల్లో ఉంటుందనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆరో_తీగ
ఆ ఫెస్ట్‌లో మీ ఎడమ పక్కన నిలబడి అదే మిక్సర్‌లో అదే వైరు పెట్టింది ఎవరో కూడా చెప్పండి. గిటార్‌లో టోన్ నాబ్ సగానికి తగ్గించి, డిస్టార్షన్ ఆపేసి, క్లీన్‌లో వాయించి నెగ్గుకొచ్చింది ఎవరో కూడా.

గుంటూరు_గెయిన్
ఓహో నువ్వా. నాకు బ్యాటరీ దగ్గరే అనుమానం వచ్చింది. ఐస్ ముక్క దగ్గర ఖాయమైంది.

నూజివీడు_వీణ
మీరులోంచి నువ్వులోకి దిగారు. ఇక చాపలు పరుచుకుని కూర్చోవచ్చు.

ఆరో_తీగ
నేనే బావా. నీ యాంప్ ప్రేమ సంగతి అందరికీ తెలియాలి కాబట్టి చెప్తాను. లక్ష్మీపురంలో ఒక రిసెప్షన్. నా సోలో మధ్యలో మొదటి తీగ ఠంగుమని తెగి నా మణికట్టు మీద కొట్టింది, ఎర్రగా వాత తేలింది. తీగ తెగింది కానీ సోలో ఆగలేదు! స్పీకర్లలో నా సోలో పోతూనే ఉంది, నేను గిటార్ పట్టుకుని ఆ స్పీకర్ల వైపు చూస్తున్నాను. ముందు వారం నీ ఇంట్లో రిహార్సల్ అని చెప్పి వాయించమన్నది రికార్డు చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టి సౌండ్‌మన్‌కి ఇచ్చావు, నా లైన్ తీసేయమన్నావు. ట్యూబులు, గాలి, తీగ కదలడం అని ఇక్కడ ఇంత రాశావే, ఆ రోజు స్టేజీ మీద నీ యాంప్‌కి కరెంటైనా ఉందా?

చుట్టుగుంట_డిలే
అమ్మో

గుంటూరు_గెయిన్
ఉంది, లైటు వెలుగుతోంది. సౌండ్ లేదు. సరే, ఒప్పుకుంటున్నాను. ఎందుకు చేశానో కూడా విను. పెళ్లివాళ్లు డబ్బులిచ్చింది సినిమాలో విన్నది విన్నట్టు వినిపిస్తామంటేనే. నువ్వు రోజుకో రకంగా వాయిస్తావు, ఒక రోజు అద్భుతం, ఒక రోజు ఎక్కడికో పోయి పాటలోకి తిరిగి రావు. దానికి ముందు ఫంక్షన్‌లో నువ్వు పల్లవి మర్చిపోతే పెళ్లికొడుకు మేనమామకి సంజాయిషీ ఇచ్చుకుంది నేను, సగం డబ్బులు కోయించుకుంది నేను. ఇక లైవ్ అని అట్ట మీద వేసుకున్నవన్నీ లైవేనా? థిన్ లిజ్జీ వాళ్ల 1978 లైవ్ ఆల్బమ్‌లో చాలా భాగం స్టూడియోలో మళ్లీ వాయించిందేనని దాని ప్రొడ్యూసర్ టోనీ విస్కాంటీయే అన్నాడు, బ్యాండ్ కాదంది. విన్నవాళ్లకి ఏం తగ్గింది? జనానికి చెవికి చేరిందే టోన్.

ఆరో_తీగ
అదీ, ఇప్పుడు చెప్పావు. నీకు లైవ్ అంటే రికార్డు తప్పకుండా రావడం. నాకు రికార్డు తప్పడమే లైవ్. దీని కోసమా మూడు రోజులు ట్యూబులు, వోల్టులు అని రాశావు? తీగ తెగితే అయిదు తీగల మీద వాయించేవాణ్ని రా. పాడుగానే వచ్చేదేమో, కానీ నాది. అడిగితే నేనే ట్రాక్ వేసుకోమనేవాణ్నేమో. అడగలేదు చూడు, అదీ.

గుంటూరు_గెయిన్
అడిగితే ఒప్పుకునేవాడివి కాదు.

ఆరో_తీగ
కాదు.

పటమట_పెంటటానిక్
అన్నలూ, మీ గొడవ చదివాక ఆ ఆల్బమ్ మళ్లీ పెట్టాను. చివర్లో ముగ్గురూ కలిసి రెడ్ హౌస్ అనే పాట వాయిస్తారు, పన్నెండు బార్ల బ్లూస్, వంతులవారీగా. అక్కడ వాయ్ నాకు సన్నగా అనిపించలేదు, ఎందుకో తెలియదు. ఎరిక్ జాన్సన్ ఫస్ట్ అన్నది మాత్రం మార్చుకోను.

గుంటూరు_గెయిన్
ఇయర్‌ఫోన్లలోనేనా?

చుట్టుగుంట_డిలే
ఏలూరు రోడ్డులో కార్బన్ బ్యాటరీ కొనుక్కొచ్చి పాతది తీసి పెట్టి చూశాను. అన్నా, సారీ, తేడా ఏమీ తెలియలేదు. తర్వాత వెనక మూత విప్పి చూస్తే నాది సిలికాన్ ఫజ్ అట. జెర్మేనియంది ఎవరి దగ్గరైనా ఉంటే ఒక ఆదివారం ఇస్తారా, ఐస్ నేనే తెచ్చుకుంటా.