పెప్పర్‌మింట్ రొయ్య పిల్లలు 9వ రోజు దాటడం లేదు

విజయవాడలో ఇంట్లోనే ఉప్పునీటి అక్వేరియం. పెప్పర్‌మింట్ రొయ్యలు రెండున్నాయి, రెండూ గుడ్లు మోస్తాయి. రాత్రి లైట్లు ఆపాక పిల్లల్ని వదులుతాయి. టార్చి వేస్తే దుమ్ము రేణువుల్లా వెలుగు దగ్గరికి గుంపుగా వస్తాయి. వాటిని 20 లీటర్ల తొట్టిలోకి మార్చి, అప్పుడే పొదిగిన ఆర్టీమియా (మేతగా వేసే సన్నటి ఉప్పునీటి జీవులు) రోజుకు రెండుసార్లు వేస్తున్నాను. నీళ్ల సాంద్రత (ఉప్పదనం కొలత) 1.025, వేడి 27 డిగ్రీలు, అమ్మోనియా సున్నా.

మూడు విడతలూ ఇదే వరస. 8వ రోజుకి తెడ్లలాంటి పొడవాటి కాళ్లు వస్తాయి, మర్నాటికి అవి విరిగి పిల్లలు అడుగున పడుంటాయి. గాలి బుడగలు తగ్గించాను, రోజూ పావు వంతు నీళ్లు మార్చాను. రొయ్య పిల్లల హేచరీలో పనిచేసే మా బావ చెప్పాడని ఆర్టీమియాకి ఒక రోజు ఆల్గే (సన్నటి నాచు) తినిపించి వేశాను. ఒక్క రోజు ఎక్కువ బతికాయి, అంతే. చెరువుల్లో పెంచే వనామీ రొయ్యల లెక్క వీటికి కుదరదేమో!

ఈ పిల్లల్ని 10 రోజులు దాటించినవాళ్లు 8వ రోజు నుంచి ఏ మేత వేశారు?