ఆనకట్టలను ఆపిన ఊళ్ల గురించి తెలిసినవారు సహాయం చేయగలరా?

మాది కర్నూలు. మా అవ్వ పుట్టిన ఊరు శ్రీశైలం జలాశయంలో మునిగింది. 1981లో ఊరు ఖాళీ చేశారు. ఎండాకాలం నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు ఒకసారి అవ్వను అక్కడికి తీసుకెళ్లాను. పగుళ్లు తేలిన ఒండ్రులో నడుస్తూ ఒక గడప రాయి దగ్గర ఆగింది. చెంగుతో మట్టి తుడిచి దాని మీదే కూర్చుంది. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మేము ఎందుకు ఆపలేకపోయాం?" అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు.

అప్పటి నుంచి చదువుతున్నాను. ఫిలిప్పీన్స్‌లో చికో నది మీద కట్టదలచిన ఆనకట్టలను కళింగ, బొంతోక్ అనే అక్కడి కొండ తెగల ప్రజలు అడ్డుకున్నారు. తెగల మధ్య పాత వైరాలు ఉన్నా, బోదొంగ్ అనే తమ శాంతి ఒప్పందాల సంప్రదాయంతో ఒక్కటయ్యారు. వారి నాయకుడు మక్లీ-ఇంగ్ దులాగ్‌ను 1980 ఏప్రిల్ 24న సైనికులు కాల్చి చంపారు. అయినా వారు వెనక్కి తగ్గలేదు, ఆ ఆనకట్టలు ఆగిపోయాయి. జార్ఖండ్‌లో కోయల్ కారో ఆనకట్టల ప్రాజెక్టును ముండా ఆదివాసులు దశాబ్దాలపాటు ఎదిరించారు. 2001 ఫిబ్రవరి 2న తప్కరాలో పోలీసు కాల్పుల్లో ఎనిమిది మంది చనిపోయారు.

నాకు కావలసినవి: ఈ పోరాటాల మీద తెలుగులో ఏవైనా వ్యాసాలు ఉన్నాయా? ముఖ్యంగా, నల్లమల చెంచు పెద్దలు శ్రీశైలం ఆనకట్ట కట్టిన రోజుల గురించి చెప్పిన మాటలు ఎవరైనా రికార్డు చేశారా? ముంపు ఊళ్ల గురించి రాసినవి దొరుకుతాయి కానీ, అడవిలో ఉన్నవారి మాట నాకు ఎక్కడా కనిపించలేదు. అవ్వకు ఎనభై దాటాయి. దొరికినవి ఆమెకు చదివి వినిపించాలి.