చార్మినార్ కాగితం నమూనా: మెషీన్ కోత ప్రింటు గీత మీద పడటం లేదు

ప్రశ్న (ప్రైమరీ టీచర్, నల్గొండ జిల్లా)

అందరికీ నమస్కారం. మా బడిలో 4, 5 తరగతులు కలిపి 22 మంది పిల్లలు. వాళ్లలో చార్మినార్ చూసినవాళ్లు ముగ్గురే. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడని చెప్తే నోట్సులో రాసుకుంటారు, అక్కడితో అయిపోతుంది. పోయినేడాది కత్తెరతో ఒక్క నమూనా చేసి తీసుకెళ్లాను. ఒక పాప కమాన్‌కు కన్ను ఆనించి "టీచర్, పైకి ఎట్ల ఎక్కుతరు?" అని అడిగింది. 149 మెట్లు ఉన్నాయని చెప్తే, పిల్లలంతా తిప్పి తిప్పి మెట్ల కోసం వెతికారు. ఈసారి ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఇవ్వాలని ఆ రోజే అనుకున్నాను.

అందుకే దాచుకున్న డబ్బుతో ఏ4 సైజు కటింగ్ మెషీన్ కొన్నాను. నమూనా ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో నేనే గీశాను. కట్టడం ఒక్కో వైపు దాదాపు 20 మీటర్లు. నూరో వంతు అంటే 20 సెంటీమీటర్లు. కాగితం వెడల్పు 21, ఎక్కడ కోయాలో మెషీన్‌కు తెలిసేందుకు మూలల్లో ప్రింటు చేసే గుర్తులకే రెండు పక్కలా చోటు పోతుంది కాబట్టి పట్టలేదు. 125వ వంతుకు తగ్గిస్తే 16 సెంటీమీటర్లు వచ్చింది, అంటించే అంచులతో సహా సరిపోయింది. ఒక్కో నమూనాకు 7 షీట్లు.

ఇక్కడి నుంచే టెన్షన్. ఇంట్లో కలర్ ప్రింటర్ లేదు, జిరాక్స్ షాపులో లేజర్ ప్రింటు తీయించాను. ఒక్కోసారి మెషీన్‌కు గుర్తులే దొరకవు. దొరికినప్పుడు పైన కోత బాగానే పడుతుంది, కిందికి వచ్చేసరికి రెండు మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. కమాన్ అంచున ఒక వైపు తెల్ల చార, రెండో వైపు రంగు తెగిపోవడం. మడత పెట్టిన చోట రంగు పెచ్చులు లేస్తోంది. పిట్టగోడ జాలీ, కోతకు కాగితాన్ని అంటించే జిగురు పలక (మ్యాట్) నుంచి తీసేటప్పుడు చిరిగిపోతోంది. 12 షీట్లు పాడయ్యాయి. తప్పు ఎక్కడ చేస్తున్నాను?

జవాబు (శుభలేఖల పని, విజయవాడ)

టీచర్ గారూ, నేను రోజూ ఇదే పని చేస్తాను, మెషీన్‌ను అనుమానించకండి. ముందు ఒక పరీక్ష చేయండి. ఫైలులో ఓ మూలన సరిగ్గా 100 మిల్లీమీటర్ల గీత పెట్టి, ప్రింటు వచ్చాక స్కేలుతో కొలవండి. తక్కువ వస్తే షాపులో కాగితానికి సరిపోయేలా కుదించి ప్రింటు తీశారని అర్థం. అప్పుడు గుర్తులు ఉండాల్సిన చోట ఉండవు, మెషీన్ వెతుక్కుంటుంది. అసలు సైజులోనే, 100 శాతంలోనే తీయమని దగ్గరుండి చెప్పండి.

రెండోది వేడి. లేజర్ ప్రింటర్‌లో కాగితం వేడి రోలర్ల మధ్య నుంచి వస్తుంది. మందపాటి కాగితమైతే కాస్త వంకర తిరుగుతుంది, మ్యాట్ మీద ఒక మూల లేస్తుంది. పైన సరిగ్గా ఉండి కిందికి పోయేకొద్దీ తేడా పెరుగుతుంటే కాగితం కదులుతోందనో సాగిందనో చూసుకోవాలి. షీటంతా ఒకే దిక్కుకు ఒకే కొలతలో జరిగితేనే క్యాలిబ్రేషన్ (మెషీన్ సర్దుబాటు) లోపం. మీది మొదటి రకం. లేజర్ టోనర్ కాగితం పైన పొరలా కూర్చుంటుంది కాబట్టే మడిస్తే పగులుతోంది. ఇంక్‌జెట్ ఇంకు కాగితంలోకి ఇంకుతుంది, అంతగా పగలదు. తెలిసినవాళ్ల దగ్గర ఇంక్ ట్యాంక్ ప్రింటర్ (ఇదీ ఇంక్‌జెట్ రకమే) ఉంటే 180 జీఎస్ఎం (చదరపు మీటరుకు 180 గ్రాముల) మెరవని కాగితం మీద తీసి, రాత్రంతా ఆరనివ్వండి.

ఇంకో మాట. గుర్తులు చదివేది మెషీన్‌లో ఉండే చిన్న కన్ను. కిటికీ వెలుతురు నేరుగా పడినా, కాగితం మెరిసినా అది తడబడుతుంది. సిల్హౌట్ కంపెనీ కటింగ్ మెషీన్లకు ఒక మూల నల్ల చతురస్రం, మరో రెండు మూలల్లో ఎల్ ఆకారం గీతలు ఉంటాయి. మెరుపు వల్ల చదవకపోతే వాటి మీద మెరవని పారదర్శక టేపు అంటిస్తే చదువుతుంది.

జవాబు (కాగితం బొమ్మలు చేస్తాను, సికింద్రాబాద్)

అన్న చెప్పింది నిజమే. కానీ అన్నీ సరిచేసినా అర మిల్లీమీటరు తేడా ఉండనే ఉంటుంది టీచర్. దాన్ని డిజైన్‌లోనే దాచాలి. గోడ రంగును కోత గీత దాటించి రెండు మిల్లీమీటర్లు బయటికి పూయండి. ప్రింటులో నల్ల అంచు గీత వద్దు, అది ఉంటేనే తేడా బయటపడుతుంది. ఇది ఒక్కటి చేస్తే మీ తెల్ల చార పోతుంది.

కోతల వరుస కూడా చూసుకోండి. ముందు మడత గీతలు, తర్వాత లోపలి కమాన్లు, జాలీ. బయటి అంచు ఆఖరున. బయటిది ముందే తెగితే ముక్క మ్యాట్ మీద కదిలిపోతుంది. జాలీ చిరగడానికి అసలు కారణం మీరు కాగితాన్ని పైకి లాగడం. షీటును బోర్లా తిప్పి, కాగితాన్ని బల్లకు ఆనించి, మ్యాట్‌ను వెనక్కి వంచుతూ తీయండి. కొత్త మ్యాట్‌కు జిగురు మరీ ఎక్కువ, ఓ నూలు బట్ట మీద నాలుగు సార్లు అద్ది వాడండి.

మినార్లకు కాగితం నార చూడాలి. షీటును ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా మెల్లగా వంచండి. ఏ వైపు సులువుగా చుట్టుకుంటుందో ఆ వైపే మినార్ చుట్టు వచ్చేలా ముక్కను పేజీలో పెట్టండి. దానికి అడ్డంగా పెట్టినవాటికి నిలువు మడతలు పడతాయి, నా మొదటి మినార్ అలాగే నలిగింది. అంటించే ముందు చపాతీ కర్రకు చుట్టి వదిలేస్తే గుండ్రం నిలుస్తుంది.

జవాబు (రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు, ఖమ్మం)

అమ్మా, పిల్లలకు కత్తెర ఇవ్వకుండా అన్నీ మెషీనే కోసిస్తే వాళ్ల చేతికి ఏం మిగులుతుంది?

టీచర్

మాస్టారు గారూ, మీ మాట చదివి చాలాసేపు ఆలోచించాను. లెక్క కూడా వేశాను. 22 మందికి 154 షీట్లు, షీటుకు 6 నిమిషాలు, అంటే 15 గంటలు దాటుతుంది. గోడల నిలువు అంచులు, మినార్ ముక్కలు తిన్నటి గీతలే, వాటిని పిల్లలే కోస్తారు. కమాన్ వంపులు, జాలీ మాత్రం మెషీన్‌కు. పోయినేడాది కమాన్ వంపు దగ్గర నా కత్తెరే జారింది, తొమ్మిదేళ్ల పిల్లలతో అక్కడ బ్లేడు పట్టించలేను. ఇలా అయితే మెషీన్‌లోకి పోయేవి నమూనాకు రెండు షీట్లే. అంటే 44 షీట్లు, నాలుగున్నర గంటలు.

మీరు చెప్పిన గీత కొలిచాను అన్నా. 97 మిల్లీమీటర్లే ఉంది! మళ్లీ ప్రింటు తీయించి, ఇంక్ ట్యాంక్ ఉన్న పక్కింటివాళ్ల దగ్గర ఒక షీటు కూడా తీశాను. రంగు బయటికి పూసి పెట్టిన ఆ షీటులో తెల్ల చార ఎక్కడా లేదు. కింది మూలన తేడా వెతికితే కనిపించేంతే.

మడతలకు మెషీన్‌తో చుక్కల కోత పెట్టి చూశాను. లోపలికి పోయే అంచుల్లో బాగుంది, బయటికి కనిపించే గోడ మూలలో చుక్కలు తెలిసిపోతున్నాయి. అందుకని అక్కడ స్కేలు ఆనించి, ఇంకు అయిపోయిన బాల్‌పెన్‌తో గీత నొక్కాను. మూల పదునుగా వచ్చింది, రంగు లేవలేదు. ఆ పని పిల్లలకే ఇస్తాను, ఇంట్లో ఉన్న పాత పెన్నులు తెమ్మంటాను.

ఒక్క సందేహం మిగిలింది. ఇంక్‌జెట్ ప్రింటు మీద ఫెవికాల్ పడితే రంగు చెరుగుతోంది.

జవాబు (సికింద్రాబాద్)

ఫెవికాల్‌లో నీళ్లుంటాయి టీచర్. సీసాతో నేరుగా పోయకుండా ఇయర్‌బడ్‌తో పలచగా, అంటించే అంచుకు మాత్రమే రాయించండి. అంచు మీద ఎలాగూ రంగు అక్కర్లేదు, ఫైలులో దాన్ని తెల్లగా వదిలేయండి. తెల్ల కాగితం జిగురును గట్టిగా పట్టుకుంటుంది. ఒక్కో మూలను పది లెక్కపెట్టే దాకా పట్టుకోమనండి, ఐదో తరగతి వాళ్లు లెక్కపెడితే నాలుగో తరగతి వాళ్లు పట్టుకుంటారు.

టీచర్

సరే అండీ, అంచులు తెల్లగా మార్చాను. సోమవారం మొదటి ఆరు సెట్లు తీసుకెళ్తున్నాను. ఆ మెట్లు అడిగిన పాపకు మొదటిది ఇస్తాను.