ద్రావిడియన్స్‌తో ఫ్యూడల్ లేటవుతోంది, ఆ 200 వుడ్ దేనికి వాడాలి?

తిరుచానూరు_టవర్:
ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 డెఫినిటివ్ ఎడిషన్ కంప్యూటర్ గేమ్, అరేబియా మ్యాప్, వన్ వర్సెస్ వన్. తిరుపతిలో మా బ్యాచ్ అంతా ద్రావిడియన్సే తీసుకుంటాం. 2022లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అనే అదనపు ప్యాక్ వచ్చాక మన దక్షిణాది పక్షం అదే కదా. ఆటలో రెండో దశ అయిన ఫ్యూడల్ ఏజ్‌కి చేరేసరికి 13 నిమిషాలు అవుతోంది. అప్పటికే ఎదుటివాడి స్కౌట్లు (గుర్రపు సైనికులు) మా వుడ్ లైన్‌లో (కట్టె కొట్టేచోట) ఉంటున్నాయి. ఏజ్ మారగానే ద్రావిడియన్స్‌కి ఉచితంగా వచ్చే 200 వుడ్‌తో మూడు ఫార్మ్‌లు వేస్తున్నా. అది కరెక్టేనా? నైట్లు (బరువైన గుర్రపు సైనికులు) లేని సివ్‌తో (పక్షంతో) మూడో దశ కాజిల్ ఏజ్‌లో ఏం చేయాలో కూడా చెప్పండి అన్నా.

రేణిగుంట_రేంజ్:
ముందు 13 నిమిషాల సంగతి చూద్దాం. ఒక విలేజర్‌కి 25 సెకన్లు. ఆట మొదట్లో ముగ్గురు విలేజర్లు, ఒక స్కౌట్ ఉంటారు. పాపులేషన్ 22 దగ్గర ఫ్యూడల్ నొక్కాలంటే ఇంకో 18 మందిని తీయాలి, అంటే 450 సెకన్లు. విలేజర్ల హెల్త్ పెంచే లూమ్‌కి 25 కలిపితే 7:55. ఫ్యూడల్ రీసెర్చ్ 130 సెకన్లు, కాబట్టి 10:05కి చేరాలి. మీకు 13:00 అవుతోందంటే విలేజర్లని తీసే టౌన్ సెంటర్ 175 సెకన్లు ఖాళీగా ఉందన్నమాట. అంటే ఏడుగురు విలేజర్లని తీసే సమయం పోయింది. లేదా 22 దాటినా నొక్కకుండా ఇంకా జనాన్ని తీస్తున్నారు. రికార్డెడ్ గేమ్ పెట్టి టౌన్ సెంటర్ మీద క్లిక్ చేసి చూస్తే ఈ రెండింటిలో ఏదో తెలిసిపోతుంది.

ఖాళీ అవడానికి మామూలుగా కారణాలు రెండే: ఇల్లు లేకపోవడం, ఫుడ్ లేకపోవడం. ఇల్లు 25 వుడ్, ఐదుగురికి చోటు. పాపులేషన్ 13 ఉన్నప్పుడే 15 తర్వాతి ఇల్లు మొదలుపెట్టేయాలి. ఫుడ్ లెక్క కూడా చూడండి. 18 మందికి 900, ఫ్యూడల్‌కి 500, మొత్తం 1400. చేతిలో 200 ఉంటుంది, 1200 తేవాలి. ఎనిమిది గొర్రెలు 800, రెండు అడవిపందులు 680. మాంసంతోనే సరిపోతుంది. కాకపోతే చంపిన గొర్రె కుళ్ళుతూ ఫుడ్ తగ్గిపోతుంది. అందుకే ఒక్కొక్కటే, టౌన్ సెంటర్‌కి ఆనించి చంపాలి. నాలుగు గొర్రెలు ఒకేసారి చంపేసినవాళ్ళకి ఆరో నిమిషంలో ఫుడ్ ఆగిపోతుంది.

నా పంపకం ఇది: మొదటి ఆరుగురు గొర్రెల మీద, తర్వాత నలుగురు వుడ్‌కి, 11వ వ్యక్తి పందిని తేవడానికి, ఆ తర్వాత నలుగురు బెర్రీలకి, మిగతా ఆరుగురూ వుడ్‌కే. నొక్కేసరికి మాంసం మీద 7, బెర్రీల మీద 4, వుడ్ మీద 10. రెండో పందిని కొత్తవాడితో కాదు, మాంసం మీదున్న వాడితోనే తెప్పించండి. లూమ్ లేని విలేజర్ హెల్త్ 25, ఉంటే 40. పందితో ముఖాముఖి నిలబడకూడదు. బాణం తగలగానే వెనక్కి తిప్పి టౌన్ సెంటర్ లోపలికి పంపేయండి. పంది దగ్గరికొచ్చాక అక్కడున్నవాళ్ళు కొడతారు.

చిత్తూరు_మామిడి:
పైన అన్న చెప్పిందంతా నిజమే. నేను 200 వుడ్ గురించి చెప్తా. ఫార్మ్‌లు వెయ్యొద్దబ్బా, అక్కడే ఈ సివ్ బలం పోతా ఉండాది.

ఆర్చరీ రేంజ్ 175, ఇల్లు 25. కూడితే కచ్చితంగా 200. వేరే సివ్‌వాడు ఆ 175 కోసం ముందునుంచి కట్టె కొట్టించి దాచిపెట్టుకోవాల. మనకి ఏజ్ మారిన సెకనుకే చేతిలో పడతాది. అయితే ఒక షరతు ఉండాది: అప్పటికి బ్యారక్స్ లేచి ఉండాల. బ్యారక్స్‌కి 175 వుడ్, ఒక్కడు కడితే 50 సెకన్లు. ఫ్యూడల్ నొక్కిన వెంటనే ఒకణ్ణి పంపితే 130 సెకన్లలో సులభంగా అయిపోతాది. బ్యారక్స్ సగంలో ఉంటే రేంజ్ బటన్ వెలగదు, 200 వుడ్ ఊరికే కూర్చుంటాది.

ఆ 130 సెకన్లలోనే మాంసం మీదోళ్ళలో నలుగుర్ని గోల్డ్‌కి తిప్పాల, మైనింగ్ క్యాంప్ 100 వుడ్. ఆర్చర్‌కి 25 వుడ్, 45 గోల్డ్. గోల్డ్ లేకుండా రేంజ్ ఎత్తితే ఉత్త గోడే. ఎదుటోడు కూడా ఆర్చర్లు తీస్తే మాత్రం గోల్డ్ ఖర్చు పెట్టొద్దు, స్కర్మిషర్లకి (ఆర్చర్ల మీద పనిచేసే బల్లెం విసిరేవాళ్ళు) మారిపో. 25 ఫుడ్, 35 వుడ్ అంతే. మన స్కర్మిషర్లు 25 శాతం వేగంగా విసురుతాయి, వాటి ముందర ఆర్చర్ల గుంపు నిలబడలేదు.

ఫార్మ్‌లు రేంజ్ తర్వాతే. ఫార్మ్ 60 వుడ్, 175 ఫుడ్ ఇస్తాది. హార్స్ కాలర్ అప్‌గ్రేడ్ 75 ఫుడ్, 75 వుడ్ పెట్టి తీసుకుంటే 250 అవుతాది. ముందు అది తీసుకోని, తర్వాత వరసగా వేసుకో.

కోటకొమ్మల_కాజిల్:
స్కౌట్ల గురించి ఎవరూ చెప్పలేదు. ఎదుటివాడు స్కౌట్లు తీస్తున్నాడని తెలిస్తే (మీ స్కౌట్‌తో వాడి స్టేబుల్ చూసి తెలుసుకోవాలి, ఊహించకూడదు) ఇద్దరు ముగ్గురు స్పియర్‌మెన్ తీసి వుడ్ లైన్ దగ్గర నిలపండి. ఒక్కొక్కరికి 35 ఫుడ్, 25 వుడ్. వాళ్ళు స్కౌట్ల వెంట పరుగెత్తి పట్టుకోలేరు. విలేజర్ల మధ్యలో నిలబెడితేనే పని జరుగుతుంది. ఇళ్ళను కూడా ఊరి మధ్యలో కాకుండా చెట్ల గుంపుల మధ్య సందుల్లో కట్టుకుంటే అవే గోడలవుతాయి.

కాజిల్ ఏజ్‌కి 800 ఫుడ్, 200 గోల్డ్. రెండు ఫ్యూడల్ బిల్డింగులు కావాలి, రేంజ్ ఒకటి ఉంది కాబట్టి బ్లాక్‌స్మిత్ 150 వుడ్‌తో కట్టేయండి. కాజిల్ ఏజ్‌కి చేరగానే వచ్చే రెండో 200 వుడ్ గురించి నా అభిప్రాయం: సీజ్ వర్క్‌షాప్ ధర 200, దానికి బ్లాక్‌స్మిత్ కూడా ఉండాలి, అది అప్పటికే ఉంటుంది. సీజ్ యూనిట్లకు మనకి వుడ్ 33 శాతం తక్కువ. 160 వుడ్ ర్యామ్ (గోడలు పగలగొట్టేది), మ్యాంగనెల్ (రాళ్ళు విసిరేది) మనకి సుమారు 107కే వస్తాయి. నైట్లు లేని సివ్‌కి ఇదే దారి: క్రాస్‌బోలు (ఆర్చర్ల తర్వాతి మెట్టు), ముందు పైక్‌మెన్ (స్పియర్‌మెన్ తర్వాతి మెట్టు), వెనక మ్యాంగనెల్. బ్యారక్స్ టెక్నాలజీలన్నీ సగం ధరే కాబట్టి పైక్‌మన్ అప్‌గ్రేడ్‌ని వాయిదా వేయకండి. ఎదుటివాడి నైట్లు ఇద్దరు ముగ్గురు కనపడగానే నొక్కేయాలి.

ఏనుగుల మోజు చాలామందిలో చూస్తున్నా. అవి నెమ్మది, పక్షం మార్పించే మాంక్‌లకి తేలిగ్గా చిక్కుతాయి. మెడికల్ కోర్ టెక్నాలజీ చేస్తే హెల్త్ తిరిగి పెరుగుతుంది, కానీ అంతదాకా ఆట నిలిస్తే కదా. మన ప్రత్యేక సైనికుడు ఉరుమి కోసం కాజిల్‌కి 650 స్టోన్ కూడబెట్టడం కూడా మొదట్లో వద్దు. చివరి దశ ఇంపీరియల్‌లో ఊట్జ్ స్టీల్ టెక్నాలజీ తర్వాత మన చాంపియన్లు ఎదుటివాడి కవచాన్ని లెక్కచేయకుండా కొడతారు. ఓపిక పట్టాల్సింది దానికోసం.

ఇంకొకటి. చంద్రగిరి కోట ఎక్కి చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, కొండ పైనున్నవాడిదే పైచేయి. ఆటలో దానికి అంకె కూడా ఉంది: ఎత్తు నుంచి కొడితే డ్యామేజ్ 25 శాతం ఎక్కువ, కింద నుంచి పైకి కొడితే 25 శాతం తక్కువ. ఆర్చర్లతో పోరు మొదలుపెట్టే ముందు ఒక్క క్షణం ఆగి మిట్ట ఎక్కండి.

తిరుచానూరు_టవర్:
రికార్డింగ్ చూశా అన్నా. పాపులేషన్ 15 దగ్గర ఇల్లు లేక ఒకసారి, రెండో పంది లేటై ఇంకోసారి టౌన్ సెంటర్ ఆగింది. రెండో పందికి ఎప్పుడు బయలుదేరాలి?

రేణిగుంట_రేంజ్:
మొదటి పందిలో 150 ఫుడ్ దాకా మిగిలి ఉన్నప్పుడు. పంది దూరంగా ఉంటే 200 దగ్గరే పంపండి. మధ్యలో తగ్గితే ఒక గొర్రెను అట్టిపెట్టుకోండి, ఖాళీ చేతులతో ఎవరూ నిలబడరు. ఎవరైనా పని లేకుండా ఉన్నారేమో చూడటానికి ఫుల్‌స్టాప్ కీ నొక్కుతూ ఉండండి. ప్రాక్టీస్‌కి ఆటలోనే ఉన్న ఆర్ట్ ఆఫ్ వార్ శిక్షణలో ఎర్లీ ఎకానమీ మిషన్ ఉంది, అందులో గోల్డ్ మెడల్ పడేదాకా అదే ఆడండి. ఆ తర్వాత మళ్ళీ అరేబియాకి రండి.