లుబుంటులో సాంబా: పాస్‌వర్డ్ సరైనదే, అయినా విండోస్ ఒప్పుకోవడం లేదు

ప్రశ్న: 2 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో లుబుంటు (ఉబుంటు కుటుంబంలోని తేలికపాటి లినక్స్) వేశాను. అందులోని ఫొటోల ఫోల్డర్‌ను సాంబా (లినక్స్ ఫోల్డర్లను విండోస్‌తో పంచుకునే సాఫ్ట్‌వేర్) ద్వారా ఇంట్లోని విండోస్ 11 కంప్యూటర్‌కు ఇవ్వాలి. లుబుంటులో లాగిన్ అయ్యే పాస్‌వర్డే ఇస్తున్నా తప్పంటోంది. ఎస్ఎంబీ1 (ఫైళ్లు పంచుకునే పద్ధతిలో పాత వెర్షన్) ఆన్ చేయమని ఒకరు సలహా ఇచ్చారు. చేయవచ్చా?

జవాబు: దయచేసి చేయకండి. 2017లో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతటా పాకింది ఆ పాత ఎస్ఎంబీ1లోని లోపం ద్వారానే. మీ సమస్యకు దానితో సంబంధమే లేదు. సాంబా తన పాస్‌వర్డ్‌లను విడిగా దాచుకుంటుంది, లుబుంటు లాగిన్ పాస్‌వర్డ్ దానికి తెలియదు. టెర్మినల్‌లో సుడోతో (అడ్మిన్ హక్కులతో) ‘ఎస్ఎంబీపాస్‌వర్డ్’ కమాండ్ (అసలు స్పెల్లింగులో పాస్ తర్వాత డబ్ల్యూ, డీ మాత్రమే ఉంటాయి) ఇచ్చి, మైనస్ ఏ జోడించి, మీ యూజర్ పేరు రాయండి. కొత్త పాస్‌వర్డ్ రెండుసార్లు అడుగుతుంది. విండోస్‌లో అదే ఇవ్వాలి.

ప్రశ్న: తెరుచుకుంది, చాలా సంతోషం. కానీ మా అమ్మాయికి వేరే యూజర్ సృష్టించి, సాంబా పాస్‌వర్డ్ కూడా పెట్టాను. ఆమెకు మాత్రం అనుమతి లేదని వస్తోంది. ఫోల్డర్‌కు 777 (అందరికీ పూర్తి అనుమతి) ఇచ్చినా అంతే.

జవాబు: ఫోల్డర్ మీ హోమ్ డైరెక్టరీలోనే ఉందా? 21.04 వెర్షన్ నుంచి ఉబుంటు కుటుంబంలో హోమ్‌కు 750 అనుమతులే ఉంటాయి, అంటే ఇతర యూజర్లు లోపలికి రాలేరు. వీధి గుమ్మం మూసి లోపలి గది తెరిచినట్టే, 777 వల్ల లాభం లేదు, పైగా ప్రమాదం. ఫోల్డర్‌ను హోమ్ బయట ఉండే ఎస్ఆర్‌వీ డైరెక్టరీ కిందికి మార్చండి. మీ ఇద్దరినీ ఒక గ్రూపులో చేర్చి, ఫోల్డర్‌ను ఆ గ్రూపు పేరిట పెట్టి 2770 (యజమానికీ గ్రూపుకూ పూర్తి అనుమతి, ఇతరులకు ఏమీ లేదు) ఇవ్వండి. ముందున్న ఆ 2 వల్ల కొత్తగా చేరే ఫైళ్లు కూడా అదే గ్రూపుకు చెందుతాయి. సాంబా కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ఆ షేరు కింద పాత్ మార్చి, వ్యాలిడ్ యూజర్స్‌లో ఎట్ గుర్తుతో గ్రూపు పేరు రాయండి. రీడ్ ఓన్లీకి నో, క్రియేట్ మాస్క్‌కు 0660, డైరెక్టరీ మాస్క్‌కు 2770 పెట్టండి. మాస్కులు (కొత్త ఫైళ్లకు, ఫోల్డర్లకు దక్కే అనుమతుల హద్దులు) మరిచిపోతే ఒకరు పెట్టిన ఫైలును మరొకరు మార్చలేరు, చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. ‘టెస్ట్‌పార్మ్’ కమాండ్‌తో ఆ ఫైల్‌లో తప్పులు చూసుకుని ఎస్ఎంబీడీ అనే సాంబా సేవను రీస్టార్ట్ చేయండి.

ప్రశ్న: ఇద్దరికీ కుదిరిందండీ! అయితే విండోస్ నెట్‌వర్క్ జాబితాలో ల్యాప్‌టాప్ పేరే కనిపించదు.

జవాబు: జాబితాలో లేకపోయినా షేరు పనిచేస్తుంది. ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ పట్టీలో రెండు బ్యాక్‌స్లాష్‌లు, ల్యాప్‌టాప్ ఐపీ, మరో బ్యాక్‌స్లాష్, షేరు పేరు టైప్ చేయండి. పేరు కనబడాలనుకుంటే ల్యాప్‌టాప్‌లో డబ్ల్యూఎస్‌డీడీ ప్యాకేజీ (కొత్త వెర్షన్లలో డబ్ల్యూఎస్‌డీడీ-సర్వర్) వేయండి, అది ల్యాప్‌టాప్ పేరును విండోస్‌కు తెలియజేస్తుంది. రౌటర్‌లో ఆ ల్యాప్‌టాప్‌కు ఒకే ఐపీ కేటాయిస్తే అడ్రస్ మారే బెడద ఉండదు.