పాత కెమెరా షట్టర్‌కి 1/1000 దగ్గర నల్లచార: స్ప్రింగ్ బిగించాలా, ముందు శుభ్రం చేయించాలా?

పాతరీలు:
నాన్నగారి పెంటాక్స్ కె1000 ఫిల్మ్ కెమెరా పదిహేనేళ్ల తర్వాత బీరువాలోంచి తీశాను. షట్టర్ స్పీడు డయల్ 1 సెకను మీద పెట్టి నొక్కితే జర్రుమంటూ మొదలై మధ్యలో ఆగిపోతోంది, అద్దం పైనే ఉండిపోతోంది. 1/1000 సెకనులో తీసిన ప్రతి ఫొటోకీ ఒక పక్క నల్లచార. 1/125 మాత్రం బాగుంది. షట్టర్ కర్టెన్లను లాగే స్ప్రింగ్ టెన్షన్ పెంచితే సరిపోతుందని మెకానిక్ అంటున్నారు. చేయించనా?

స్క్రూడ్రైవర్:
చేయించండి. ఇన్నేళ్ల స్ప్రింగ్ సాగకుండా ఎలా ఉంటుంది? నా కెమెరాకి కొంచెం బిగించగానే చార పోయింది. మొత్తం విప్పి శుభ్రం చేయించాలంటే చాలా ఖర్చు.

గడియారంపని:
దయచేసి అప్పుడే బిగించనివ్వకండి. 1 సెకనును లెక్కపెట్టేది కర్టెన్ స్ప్రింగ్ కాదు, చిన్న పళ్లచక్రాల వరుస. అది ఆగుతోందంటే చాలావరకు పాత నూనె జిగురైనట్టే. ఆ జిగురు కర్టెన్ రోలర్లకూ పట్టి ఉంటుంది.

ఇందులో రెండు గుడ్డ కర్టెన్లు అడ్డంగా పరుగెడతాయి. మొదటిది తెరుస్తుంది, రెండోది వెనకే వచ్చి మూస్తుంది. 1/125లో వాటి మధ్య సందు దాదాపు సగం ఫ్రేము ఉంటుంది. 1/1000లో రెండు మిల్లీమీటర్ల పైచిలుకే. మొదటి కర్టెన్ కాస్త బద్ధకించినా రెండోది దాన్ని అందుకుని సందు మూసేస్తుంది. మీ నల్లచార అదే.

నా కెమెరాకీ ఒకరు ఇలాగే బిగించారు. చార పోయింది గానీ 1/500, 1/250 కూడా వేగం పెరిగి, వెలుగు చాలక నెగటివ్‌లు పలచబడ్డాయి. తర్వాత శుభ్రం చేసినాయన ఆ స్ప్రింగులను మళ్లీ వదులు చేయాల్సి వచ్చింది.

ఇంట్లోనే చూడొచ్చు. ఫిల్మ్ లేకుండా లెన్స్ తీసి, వెనక తలుపు తెరిచి, కిటికీ వెలుగు వైపు పెట్టి 1/1000లో నొక్కండి. వెలుగు ఈ చివర నుంచి ఆ చివరకు సమంగా కనబడాలి. డయల్ సందులో నూనె చుక్క వేయమని ఎవరు చెప్పినా వినకండి, అది గుడ్డ మీదకు దిగుతుంది. అన్నట్టు, డయల్ అంచును పైకెత్తి తిప్పితే మారేది ఏఎస్ఏ (ఫిల్మ్ వెలుగుకు ఎంత స్పందిస్తుందో చెప్పే అంకె), షట్టర్ స్పీడు కాదు.

స్క్రూడ్రైవర్:
మరి శుభ్రం చేశాక కూడా చార ఉంటే?

గడియారంపని:
అప్పుడు మీ మాటే. షట్టర్ వేగం కొలిచే టెస్టర్ మీద రెండు కర్టెన్ల వేగం చూసుకుంటూ కొద్దికొద్దిగా బిగించాలి. చెవితో విని కాదు.

పాతరీలు:
కిటికీ దగ్గర చూశాను. ఒక పక్క అసలు వెలుగే లేదు. ఓ యాభై సార్లు నొక్కాక ఆ చీకటి భాగం సన్నబడింది, పొద్దున చూస్తే మళ్లీ మొదటికొచ్చింది. జిగురేనని నమ్మకం కుదిరింది. శుభ్రానికి ఇస్తున్నాను. స్ప్రింగ్ ముట్టుకోవద్దని చీటీ రాసి కెమెరా సంచిలో పెట్టాను.